ఐదు సీసాల మట్టితో తార్నాకకు

తార్నాకకు మట్టి పట్టుకొని వెళ్లి వచ్చినప్పటి నుంచి మా ఊరి ఆడవాళ్లు నన్ను అడుగుతూనే ఉన్నారు. ఎట్లా వెళ్లావు, ఎవరిని కలిశావు, ఎంత ఖర్చయింది, మా చేను మట్టి కూడా చూస్తారా అని. నలుగురి ముందు నిలబడి చెప్పడం నాకు చేతకాదు. ఏడో తరగతితో బడి ఆగిపోయినా రాయడం మాత్రం మరిచిపోలేదు. అందుకే అంతా ఇక్కడ రాస్తున్నాను. పాత పత్తి చేలల్లో కూరగాయలు వేసుకోవాలని చూస్తున్నవాళ్లకు ఇది పనికొస్తుంది.

మా ఆయన హైదరాబాద్‌లో, తార్నాక పక్కనున్న యూనివర్సిటీలో, ఒక హాస్టల్ మెస్‌లో వంట చేస్తాడు. వారాసిగూడలో ఇంకో ముగ్గురు వంటవాళ్లతో కలిసి ఒక గదిలో ఉంటాడు. పదిహేను రోజులకొక ఆదివారం ఊరికి వస్తాడు. నేను, మామయ్య ఊళ్లో ఉంటాం. మా ఊరు భువనగిరికి ఎనిమిది కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. పెళ్లయి మూడేళ్లయినా ఆయనకు పొద్దున లేవగానే టీలో చక్కెర ఎంత కావాలో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. వచ్చిన ప్రతిసారీ అడుగుతాను. "ఎంతేసినా తాగుత" అంటాడు.

మాకు బావి దగ్గర అర ఎకరం ఉంది. మామయ్య చాలా ఏళ్లు అందులో పత్తి వేశాడు. ఇప్పుడు అమ్మడం ఆపేసిన పాత పురుగు మందులన్నీ ఆ నేల చూసింది. అందులో ఆకుకూరలు, కూరగాయలు వేసి భువనగిరి మార్కెట్‌కు తోలితే ఇద్దరం ఒకచోట బతకొచ్చని మా ఆశ. మెస్‌లో తినే రాధిక మేడం మట్టి మీదే పరిశోధన చేస్తుంది. పాత మందులు నేలలో ఎన్నేళ్లు ఉండిపోతాయి, ఎందుకు ఉండిపోతాయి అన్నది ఆమె చదువు. మా ఆయన ఆమెను అడిగి మట్టి పరీక్షకు ఒప్పించాడు. నాతో మాత్రం ఒక మాట గట్టిగా అన్నాడు. "మట్టి మంచిగున్నదంటే ఈ పని ఇడిసిపెట్టి వచ్చేస్త. లేదంటే లేదు. ఇషంల కూరగాయలు పండిచ్చి ఎవలకు పెడదాం రేణుకా?"

మట్టి తీసే పని నాకు పడింది. చేనంతా తిరిగి ఐదు చోట్ల జానెడు లోతు తవ్వి, అన్నీ కలిపి అర కిలో పంపాలని ఆయన ఫోన్‌లో చెప్పాడు. నేను ఐదు చోట్ల తీయలేదు. మా ఇళ్లల్లో గడప దాటి బయటికి పోయేది ఏదైనా మంచిది ఏరి పంపుతాం. చుట్టాలకు కందులు పంపినా చెరిగి, రాళ్లు ఏరి పంపుతాం. మా చేనంతా ఎర్ర చల్క, ఇసుక పాలు ఎక్కువున్న నేల. రేకుల కొట్టం వెనక, పశువుల పెంటకుప్ప పక్కన మాత్రం నేల నల్లగా, పిడికిట పడితే ముద్దయ్యేలా ఉంటుంది. ఆ మట్టే తీశాను. జల్లెడ కూడా పట్టాను. పెద్ద చదువులవాళ్ల దగ్గరికి పోయే మట్టి ముచ్చటగా ఉండాలనుకున్నాను. దాచడం ఎందుకు, అది పాస్ కావాలనే తీశాను.

మూడు వారాలకు ఫోన్ వచ్చింది. ఆ మట్టిలో పాత మందు చాలా ఉందట. "ఇగ కూరగాయల ముచ్చట మర్చిపో" అన్నాడు. ఆ రెండు రోజులు నేను చేను వైపే పోలేదు. మూడోనాడు మళ్లీ చేశాడు. "మేడం అడుగుతున్నది. ఎర్ర చల్క అంటిరి, గింత నల్ల మట్టి ఏడికెళ్లి వచ్చింది అని. ఈసారి ఐదు చోట్లయి ఐదు గాజు సీసాలల్ల వేరేవేరుగ తెమ్మన్నది. తీసినోళ్లు వస్తే ఇంకా మంచిదన్నది." తప్పు ఒప్పుకుందామంటే నోరు రాలేదు. "నేనే తీసుకొస్త" అన్నాను. ఒంటరిగా పట్నం పోవడం నాకు అదే మొదటిసారి.

ఈసారి చెప్పినట్టే తీశాను. బావి పక్కన ఒకటి, గట్టు దగ్గర ఒకటి, తుమ్మ చెట్టు దగ్గర ఒకటి, చేను నడుమ ఒకటి, కొట్టం వెనక ఒకటి. మామయ్య గట్టు మీద కూర్చొని చూస్తూ, "గా మందు కొట్టిన పత్తితోనే మీ లగ్గం చేసిన. ఇప్పుడు నేలను దవాఖానకు తీస్కపోతున్నవా బిడ్డా?" అని నవ్వాడు. నేను కొట్టం వెనక తవ్వుతుంటే మాత్రం లేచి వచ్చాడు. "గీడనే కలిపేటోన్ని. డబ్బాలు కడిగి నీళ్లు గీడనే పారబోసేది" అన్నాడు. అది సరిగ్గా నేను మొదటిసారి ఏరి పంపిన చోటే. పచ్చడి సీసాలు మరిగే నీళ్లతో కడిగి, ఎండబెట్టి, మట్టి నింపి, వంటకు వాడే వెండి రంగు కాగితం మూత కింద వేసి బిగించాను. ప్లాస్టిక్ సంచిలో తేవద్దన్నారు. పగలకుండా పాత చీరలో ఒక్కొక్కటి చుట్టాను.

మంగళవారం పొద్దున పావు తక్కువ ఆరుకు ఊరి ఆటో ఎక్కి భువనగిరిలో దిగాను. ఇరవై రూపాయలు. ఆరున్నరకు ఉప్పల్ వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్ బస్సు దొరికింది. ఆడవాళ్లకు బస్సులో డబ్బులు లేవు కదా, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ కొడతారు. సంచి ఒళ్లో పెట్టుకొని కదలకుండా కూర్చున్నాను. కండక్టరమ్మ చూసి, "ఏందమ్మా, పచ్చళ్లా? వాసనొస్తలేదు" అంది.

"మట్టి" అన్నాను.

"మట్టా! పట్నంల మట్టి దొరుకుతలేదని తీస్కపోతున్నవా?" వెనక సీట్లవాళ్లు నవ్వారు. నేను తల దించుకున్నాను. ఆమె పోతూ పోతూ, "మీ ఆయన తోల్కరాలేదా? అవులే, మగోళ్లకు టికెట్ వడ్తది, నువ్వైతే ఫిరీ" అంది.

ఎనిమిదింటికి ఉప్పల్ చౌరస్తాలో దిగి మెట్రో స్టేషన్ మెట్లెక్కాను. తార్నాక దాకా టికెట్ ముప్పై రూపాయల లోపే. సంచిని మిషన్ లోపలికి పంపితే అవతల కుర్రాడు ఆపాడు. సీసాలు విప్పి చూపించమన్నాడు. చీర మడతలు విప్పుతుంటే నా వెనక వరస పెరిగిపోయింది. మట్టి అన్నాను. పరీక్షకు అన్నాను. "మట్టికి గూడ పరీక్షలేనా అక్కా? నాకు ఆదివారం ఉన్నది. మన రాష్ట్రంల పరీక్ష లేనిదేదో చెప్పు" అని తనే చీర మడిచి ఇచ్చాడు. రైలు ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ దాటి పది నిమిషాల్లోనే తార్నాక చేరింది. పైనుంచి చూస్తే కింద బండ్లు చీమల బారులా ఉన్నాయి. మా ఆయన పదిహేను రోజులకోసారి ఈ దారిలోనే ఊరికి వస్తాడు. ఏ కిటికీ పక్కన నిలబడతాడో అనుకుంటూ అన్ని కిటికీల వైపూ చూశాను.

తార్నాకలో దిగి ఫోన్ చేస్తే, "టిఫిన్ టైం, పిల్లలు లైన్ల ఉన్నరు. ముందు ల్యాబ్‌కు పో, పన్నెండింటికి మెస్‌కు రా" అని పెట్టేశాడు. వెనక గిన్నెల చప్పుడు, ఎవరో "అన్నా, చట్నీ!" అని అరవడం వినిపించాయి. స్టేషన్ కింద బండి మీద నాలుగు ఇడ్లీలు తిన్నాను, ముప్పై ఐదు రూపాయలు. ఎదురుగా వారాసిగూడ వైపు వెళ్లే ఆటోవాళ్లు పిలుస్తున్నారు. ఎక్కితే ఆయన ఉండే గది చూడొచ్చు. తలుపు ఏ రంగో, బట్టలు ఎక్కడ ఆరేస్తాడో చూడొచ్చు. కానీ నలుగురు మగవాళ్లుండే గదికి ఏమని వెళ్లను? క్యాంపస్ ఆటో ఎక్కాను.

షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. గేటు దాటగానే పట్నం చప్పుడు తగ్గిపోయింది. రోడ్డుకు రెండు పక్కలా పెద్ద పెద్ద చెట్లు, వాటి కింద పుస్తకాలు పట్టుకొని కూర్చున్నవాళ్లు. ఆటో ఆయన, "సైన్స్ కాలేజీ తరఫు దించుత చెల్లె. పరేషాన్ గాకు, అందరు గట్లనే తప్పిపోతరు గీడ" అని సరిగ్గా మెట్ల ముందు ఆపాడు.

రాధిక మేడం గోదావరి వైపు మనిషి. నాకన్నా రెండు మూడేళ్లు పెద్దదేమో. పేరుకు మేడం కానీ చెప్పులు బయట విప్పి, జుట్టు ముడేసుకొని, మా ఇంటి పక్క అమ్మాయిలాగే ఉంది. "రండి రేణుక గారూ, కూర్చోండి. మీరేనా మట్టికి జల్లెడ పట్టింది? నాలుగేళ్ల నుంచి మట్టి చూస్తున్నానండీ, ఇంత శుభ్రంగా తయారై వచ్చిన మట్టిని చూళ్లేదు" అంది.

ఇంటి నుంచి వల్లె వేసుకుంటూ వచ్చిన మాట అప్పుడే చెప్పేశాను. "తప్పు నాది మేడం. ఐదు చోట్ల తియ్యలేదు. పెంటకుప్ప పక్కన మంచిగ కనిపిస్తే అదొక్కటే తీసిన."

"ఎందుకండీ?"

నేను సీసాల మూతలు చూస్తూ, "పాసైతే ఆయన ఇంటికి వస్తనన్నడు" అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. నీళ్లిచ్చింది. తరువాత, "మీకొకటి చూపిస్తాను" అని రెండు గాజు గొట్టాలు తెచ్చింది.

ఒక గొట్టంలో నేను తెచ్చిన చేను నడిమి ఎర్ర మట్టి పోసింది. రెండోదాంట్లో నా నల్ల మట్టి. రెండింటి మీదా నీలం రంగు నీళ్లు పోసింది. కాసేపటికి ఎర్ర మట్టి కింద నుంచి చుక్కలు పడ్డాయి, లేత నీలంగా. నల్ల మట్టి కింద నుంచి పడిన చుక్కలు తేటగా, బావి నీళ్లలా ఉన్నాయి.

"రంగు ఏమైంది?" అని అడిగింది.

"పోయింది" అన్నాను.

"పోలేదండీ. లోపలే ఉంది. మట్టి పట్టేసుకుంది." ఆమె తీరిగ్గా చెప్పింది. ఆకులు, పేడ, వేళ్లు కుళ్లి మట్టిలో కలిసిపోయి నల్లగా మారతాయి. దాన్నే సేంద్రియ పదార్థం అంటారు. పాత పురుగు మందులు నీళ్లలో సరిగా కరగవు, జిడ్డు రకం. చేతికి నూనె అంటుకున్నట్టు ఆ నలుపుకు అంటుకుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా లోపలికి పోయి కూర్చుంటాయి. మామయ్య మందు కలిపిందీ అక్కడే, పెంట పడిందీ అక్కడే. చేనంతటిలో మందును వదలకుండా దాచి పెట్టుకున్న చోటును నేను వెతికి, జల్లెడ పట్టి మరీ పంపాను.

మామూలుగా నేను ఎదురు ప్రశ్న వేయను. ఆ రోజు వేశాను. "పట్టుకునుడు మంచిదా మేడం, చెడ్డదా?"

"రెండూనండీ. పట్టుకుంటే మొక్క వేరుకి తక్కువ అందుద్ది, అది మంచిది. కానీ అక్కడే ఏళ్లకేళ్లు ఉండిపోద్ది, అది కష్టం. మా మిషను మట్టిలో మొత్తం ఎంతుందో చెప్పుద్ది. మొక్కలోకి ఎంత పోద్దో చెప్పదు. మీ ఎర్ర నేలలో మందు తక్కువే ఉండొచ్చు. కానీ పట్టుకోడానికి నలుపు లేదు కదా, ఉన్న కాస్తా తేలిగ్గా వేళ్లకి అందుద్ది. కొట్టం వెనకది కాక మిగతా ఈ నాలుగు సీసాలూ చూస్తేగానీ ఏదీ చెప్పలేను." సీసాల మీద నేను రాసి అంటించిన బావి, గట్టు, తుమ్మ, నడుమ, కొట్టం అన్న పేర్లను ఆమె తన పుస్తకంలో అట్లాగే రాసుకుంది. ఫలితానికి మూడు వారాలు పడుతుందంది. పైసా తీసుకోలేదు, తన పరిశోధనకు కూడా పనికొస్తుందట.

పన్నెండున్నరకు మెస్‌కు వెళ్లాను. బయటివాళ్లకు అరవై రూపాయల టోకెన్ ఉంటుంది. పళ్లెం పట్టుకొని పిల్లల వరసలో నిలబడ్డాను. కౌంటర్ అవతల మా ఆయన, తలకు తువ్వాల కట్టుకొని, నా చేతి పొడవున్న గరిటెతో పప్పు వడ్డిస్తున్నాడు. నన్ను చూసి గరిటె ఆపాడు. అన్నం పెట్టి, పప్పు పోసి, రెండు అప్పడాలు వేశాడు. వెనకున్న పిల్లాడు ఊరుకోలేదు. "శ్రీశైలమన్నా, గిదేం న్యాయమే? మాకు ఒక్కటి, ఆమెకు రెండా?"

"మా ఇంటికాడి నుంచి వచ్చిందిరా" అన్నాడు మా ఆయన.

"అయ్యో, వదినెనా! ముందే చెప్పొద్దా, నా అప్పడం గూడ ఆమెకే వెయ్యి!" వరసంతా నవ్వింది. నేను ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడ వైపు బల్ల దగ్గర కూర్చున్నాను.

మూడేళ్లలో ఆయన చేతి వంట తినడం నాకు అదే మొదటిసారి. ఇంటికి వస్తే నేనే వండుతాను, ఆయన్ని పొయ్యి దగ్గరికి రానివ్వను. పప్పులో వెల్లుల్లి దంచి వేశాడు, మా అత్తమ్మ వేసేదని చెప్తుంటారే, అట్లా. ఆమెను నేను చూడలేదు. ఇన్ని వందల మంది ఎవరి పిల్లలో రోజూ తింటున్న ఈ పప్పు నా పళ్లెంలోకి ఇన్నాళ్లకు వచ్చింది. రెండోసారి అడగాలనిపించింది. సిగ్గేసి అడగలేదు.

రెండున్నరకు ఆయనకు తీరిక దొరికింది. సాయంత్రం టీ పనికి నాలుగింటికి మళ్లీ వెళ్లాలి. ఇద్దరం చెట్ల కింద రోడ్డు మీద నడిచాం. ఊళ్లో ఇట్లా పక్కపక్కన నడవం. ఆయన ముందు పోతే నేను పది అడుగులు వెనక వస్తాను. ఇక్కడ ఎవరూ చూడలేదు, చూసినా పట్టించుకోలేదు. అప్పుడు చెప్పాను, మొదటి మట్టి ఎక్కడిదో, ఎందుకు తీశానో.

ఆయన నిలబడిపోయాడు. "అంటే మట్టితోని కాపీ కొట్టిచ్చినవన్నట్టు! కొట్టిచ్చి గూడ ఫెయిల్ చేసినవ్!" అని పడిపడి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు ఆపి నేల వైపు చూస్తూ అన్నాడు, "ఫెయిల్ అని చెప్పిన దినమే మెస్ సేటుకు మాటిచ్చిన రేణుకా. వచ్చే ఏడు గూడ ఉంటనని."

కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఒక్క పిడికెడు మంచి మట్టికి ఒక ఏడాది పోయింది.

"ఏడ్వకు. నాలుగు సీసాలు ఉన్నయి గద, అవి ఏమంటయో చూద్దాం" అన్నాడు.

"మీ గది చూపిస్తరా?" అని అడిగాను.

"ఏమున్నది గాడ? నాలుగు చాపలు, ఒక దండెం." మళ్లీ తనే, "దండెం మీద ఎడమ దిక్కు చివరిది నాది" అన్నాడు. అది చాలనిపించింది. స్టేషన్ దాకా వచ్చి, మెట్ల దగ్గర నిలబడి, నేను పైకి వెళ్లేదాకా చూశాడు. మూడున్నర రైలెక్కి ఉప్పల్, అక్కడ బస్సు పట్టుకొని చీకటి పడకముందే ఊరు చేరాను. రాను పోను అంతా కలిపి, తిండితో సహా, మూడు వందలు దాటలేదు.

మూడు వారాలకు ఈసారి మేడమే నాకు ఫోన్ చేసింది. నాలుగు సీసాల ఎర్ర మట్టిలోనూ పాత మందు ఉంది, కానీ కొంచెమే. ఆశ వదులుకోనక్కర్లేదంది. అయితే ఇప్పుడే కూరగాయలు వేయొద్దంది. ముందు బాగా మాగిన పశువుల ఎరువు తోలాలి, పచ్చి పేడ కాదు. పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగ చల్లి పూతకు ముందు కలియదున్నాలి. నేల కొంచెం నలుపెక్కి, ఉన్న మందును తనలోనే పట్టుకొని మొక్కకు అందనివ్వకుండా చేయాలి. అప్పుడు మట్టితో పాటు మొదటి కాయలు కూడా పరీక్షించి చెప్తానంది. గుమ్మడి, ముల్లంగి లాంటివి ఆ తరువాత కూడా వద్దంది, అవి మందును ఎక్కువ లాగుతాయట. కొట్టం వెనక తినేదేదీ ఎప్పుడూ పెట్టొద్దు, పూల మొక్కలు పెట్టుకోమంది. ఎంతకాలం పడుతుందని అడిగాను. "కనీసం ఒక ఏడాదండీ" అంది. ఆయన సేటుకు ఇచ్చిన మాట, నేలకు కావలసిన కాలం ఒక్కటే అయ్యాయి.

ఇప్పుడు రోజూ పొద్దున మాగిన ఎరువు నాలుగు గంపలు మోసి చేనులో చల్లుతున్నాను. మామయ్య కొట్టం వెనక తన చేత్తోనే బంతి నారు పోశాడు, మందు మాట మాత్రం ఎత్తలేదు. ఎర్ర మట్టిని పిడికిట పట్టి చూస్తే ఇంకా పొడిపొడిగా జారిపోతూనే ఉంది. పట్టుకోవడం నేలకు ఒక్కరోజులో రాదు. ఆయన వచ్చిన ఆదివారం ఇద్దరం కలిసి చల్లుతాం, ఆ రోజు ఎనిమిది గంపలు అవుతాయి. సోమవారం తెల్లవారి ఆయన బస్సెక్కి పోయాక చేనుకు వెళ్తే, ఆయన చల్లిన వైపు ఎరువు కుప్పలుకుప్పలుగా పడి ఉంటుంది, వడ్డించే చెయ్యి కదా. వాటిని విడదీసి సమంగా పరుస్తాను. అది నాకు ఇష్టమైన పని. వచ్చే ఏడు మళ్లీ ఐదు సీసాలు తీసుకొని వెళ్తాను. కండక్టరమ్మ అన్నట్టు మగవాళ్లకు టికెట్ పడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఉప్పల్‌లో ఆయనకు ఆ ఒక్క టికెట్ కొనాలని ఉంది.

వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. చేనులో మీకు నచ్చిన చోట మట్టి తీయకండి. మందు కలిపిన చోటు, పెంట వేసిన చోటు మట్టిని వేరే సీసాలో పెట్టి, మూత మీద ఆ చోటు పేరు ఉన్నది ఉన్నట్టు రాయండి. జల్లెడ పట్టకండి.